సేవ్ చేయాలా, ఎక్స్‌పోర్ట్ చేయాలా? ప్రాజెక్టు, వేవ్, ఫ్లాక్, ఎంపీ3ల్లో ఏది ఎందుకు

ఎడిటింగ్ అంతా అయ్యాక కంట్రోల్ + ఎస్ నొక్కితే ఆడాసిటీ (ధ్వనిని కోసి సరిచేసే సాఫ్ట్‌వేర్) ఒక ‘ఏయూపీ3’ ప్రాజెక్టు ఫైలు రాస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి గుడి ఆంప్లిఫయర్‌కి గుచ్చితే కిక్కురుమనదు. సరే అని ఎక్స్‌పోర్ట్ తెరిస్తే వేవ్, ఫ్లాక్, ఎంపీ3, ఓపస్, ఎమ్4ఏ అంటూ చాంతాడంత జాబితా. ఈ గొడవంతా ఎందుకని చాలామంది అన్నిటికీ ఎంపీ3 కొట్టేసి, చోటు కలిసొస్తుందని మిగతాది చెరిపేస్తారు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మూడు గంటల హరికథ రికార్డు చేసి అలాగే ముగించారనుకోండి. మూడు నెలలకు నిర్వాహకులు ఫోన్ చేసి, ‘రెండో గంటలో మైకు కీచుమంది, అది తీసేసి మంచి కాపీ ఇస్తారా’ అంటే చేతిలో ఉన్నది 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) ఎంపీ3 ఒక్కటే.

ఒక రికార్డింగుకి మూడు రకాల ఫైళ్ళు కావాలి: పని చేసుకునేది, దాచుకునేది, ఇచ్చేది. చిక్కులన్నీ ఒకే ఫైలుతో మూడు పనులూ కానిచ్చేద్దామనుకోవడం దగ్గర మొదలవుతాయి.

## ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

మళ్ళీ కోయాలా? అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. మళ్ళీ తెరిచి కోసే అవకాశం రవ్వంత ఉన్నా, ధ్వనిని నష్టపరిచే ఫార్మాట్‌లో దాచకూడదు.

ఎక్కడ మోగాలి? కంప్యూటర్లోనా, యూట్యూబ్‌లోనా, ప్రచార ఆటోలోనా, ఇంకో స్టూడియోలో మిక్సింగ్‌కా?

ఎంత సేపు? మూడు నిమిషాల పాటకీ ఆరు గంటల నాటక పోటీలకీ ఒకే లెక్క నడవదు.

మధ్యలో కరెంటు పోతే? రికార్డింగు సగంలో ఆగినా, డిస్కులో కొంత చెడినా, ఎంత మిగులుతుందన్నది ఫార్మాట్ని బట్టి మారుతుంది.

ముందు చోటు సంగతి. కిలోహెర్ట్జ్‌లలో చెప్పేది శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకి ధ్వనిని ఎన్ని వేల సార్లు కొలిచారో; బిట్లంటే ఒక్కో కొలతని ఎంత సూక్ష్మంగా రాశారో. గంట సేపు స్టీరియోకి:

| ఫార్మాట్ | 1 గంటకు | ధ్వని నష్టం |
|---|---|---|
| వేవ్, 48 కిలోహెర్ట్జ్, 32 బిట్ ఫ్లోట్ | 1,382 ఎంబీ | లేదు |
| వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ | 1,037 ఎంబీ | లేదు |
| వేవ్, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ | 635 ఎంబీ | లేదు |
| ఫ్లాక్ | వేవ్‌లో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులు | లేదు |
| ఎంపీ3, 320 కేబీపీఎస్ | 144 ఎంబీ | ఉంది, తక్కువ |
| ఎంపీ3, 192 కేబీపీఎస్ | 86 ఎంబీ | ఉంది |
| ఎంపీ3, 128 కేబీపీఎస్ | 58 ఎంబీ | ఉంది, సంగీతంలో తెలుస్తుంది |

ఒక్క గొంతు, ఒక్క మైకు అయితే మోనోలో రికార్డు చేయండి. వేవ్ సైజు సరిగ్గా సగమవుతుంది, పోయేదేమీ లేదు. ప్రవచనాన్ని స్టీరియోలో పట్టి, అదే ధ్వనిని రెండు చానెళ్ళలో మోయడం దండగ.

## ప్రాజెక్టు ఫైలు: పెట్టె, చీటీ

ప్రాజెక్టు ఫైళ్ళలో రెండు జాతులున్నాయి. ఈ తేడా తెలియక పోగొట్టుకున్నంత పని ఇంకెక్కడా పోదు.

ఆడాసిటీది సామానంతా సర్దిన పెట్టె. 2021లో వచ్చిన 3.0 నుంచి ట్రాకులు, కోతలు, లేబుళ్ళు, ధ్వని అన్నీ ఒకే ఏయూపీ3 ఫైల్లో ఉంటాయి. ఆ ఒక్కటీ కాపీ చేస్తే పనంతా వెంట వస్తుంది. రీపర్, ఆడిషన్ కూడా ఇలాంటి సాఫ్ట్‌వేర్లే, కానీ రీపర్ ప్రాజెక్టు ఫైలూ, ఆడిషన్ మల్టీట్రాక్ సెషనూ చీటీలు: ఏ వేవ్ ఏ ఫోల్డర్లో ఉంది, దాన్ని ఎక్కడ కోశారు, ఎంత వాల్యూమ్ పెట్టారు అన్న రాత మాత్రమే. అందుకే మూడు గంటల పని కూడా కొన్ని కేబీల్లో కనిపిస్తుంది. ఆ చిన్న ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గుంటూరు నుంచి విజయవాడ స్టూడియోకి వెళ్తే, తెరవగానే ట్రాకులన్నీ ఖాళీగా, ‘ఫైలు దొరకలేదు’ అన్న సందేశంతో కనిపిస్తాయి. రీపర్లో సేవ్ యాజ్ చేసేటప్పుడు మీడియా అంతా ప్రాజెక్టు ఫోల్డర్లోకి కాపీ చేయమనే గడికి టిక్ పెట్టండి. ఆడిషన్లో సెషన్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జత ఫైళ్ళ కాపీలు కూడా చేర్చమనండి. తర్వాత ఫోల్డరు మొత్తం తీసుకెళ్ళండి. ఆ ఫోల్డర్లో కనిపించే ‘రీపీక్స్’, ‘పీకేఎఫ్’ ఫైళ్ళు తెర మీద అలల బొమ్మ కోసం పుట్టినవి. చెరిపేసినా మళ్ళీ అవే పుడతాయి.

పెట్టెకి దాని ఇబ్బందులు దానికున్నాయి. ఆడాసిటీ లోపల అంతా 32 బిట్ ఫ్లోట్‌లో నడుస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోకి నిమిషానికి 21 ఎంబీ, అంటే మూడు గంటల హరికథకి 3.8 జీబీ. దాని మీద ట్రాకు మొత్తానికి నాయిస్ రిడక్షన్, తర్వాత కంప్రెసర్, తర్వాత నార్మలైజ్ కొట్టారనుకోండి. వెనక్కి వెళ్ళే సౌకర్యం కోసం ప్రతిసారీ పాత ధ్వనిని కూడా ఉంచుకుంటుంది కాబట్టి, అదే ఫైలు 15 జీబీ దాకా ఉబ్బుతుంది. సేవ్ చేసి మూసేశాక ఆ పాత పొరలు పోయి మళ్ళీ తగ్గుతుంది. డిస్కులో 5 జీబీయే ఖాళీ పెట్టుకుని ఈ పనికి దిగితే మధ్యలో ఆగిపోవడం ఖాయం.

ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీదనుంచి ఏయూపీ3ని తెరిచి పని చేయొద్దు. అందులో ఏ ఫైలూ 4 జీబీ దాటలేదు. గూగుల్ డ్రైవ్‌తో కలిసిపోయే ఫోల్డర్లోంచి కూడా వద్దు: ఆడాసిటీ రాస్తుండగానే ఆ సాఫ్ట్‌వేర్ ఫైలుని పట్టుకుంటుంది. ప్రాజెక్టు తెరిచి ఉన్నప్పుడు పక్కన ‘వాల్’ అన్న తోకతో ఇంకో ఫైలు కనిపిస్తుంది. సేవ్ కాని మార్పులు అందులో ఉంటాయి, చెరపకండి. ఆ సమయంలో కాపీ కావాలంటే విండోస్‌లో లాగి వేయకుండా, ఫైల్ మెనూలో సేవ్ ప్రాజెక్ట్ కింద ఉన్న బ్యాకప్ ప్రాజెక్ట్ వాడండి.

పని నడుస్తున్నంత కాలం ప్రాజెక్టు ఫైలుకి సాటి లేదు. పదేళ్ళు దాచడానికి మాత్రం నమ్మొద్దు. ఏయూపీ3ని పాత ఆడాసిటీ 2 తెరవదు, రీపర్ తెరవదు. పని ముగిశాక పక్కనే వేవో ఫ్లాకో తీసి పెట్టుకోవాలి.

## వేవ్: అందరికీ తెలిసిన భాష

ఏ సాఫ్ట్‌వేరైనా చదువుతుంది, తెరవగానే తెరుచుకుంటుంది, నష్టం సున్నా. ఇంకో స్టూడియోకి పంపాలంటే ఇదే పంపండి. అప్పుడు ప్రతి ట్రాకూ ఒకే చోటు నుంచి, అంటే సున్నా నుంచి, మొదలవ్వాలి. మృదంగం రెండో నిమిషంలో వస్తే ముందు ఆ రెండు నిమిషాల నిశ్శబ్దాన్నీ కలిపే ఇవ్వాలి. లేకపోతే అవతలివాళ్ళు ఏది ఎక్కడ అతకాలో తెలియక తల పట్టుకుంటారు.

వేవ్‌కి పెద్ద గండం 4 జీబీ. ఫైలు సైజుని రాసుకునే గడి 32 బిట్లదే కావడం వల్ల ఆ హద్దు వచ్చింది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో 4 గంటల 8 నిమిషాలకి అక్కడికి చేరతారు. 32 బిట్ ఫ్లోట్‌లో అయితే 3 గంటల 6 నిమిషాలకే. గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో పొద్దున మొదలై రాత్రి దాకా సాగే నాటక పోటీలని ఒకే ఫైలుగా పడదామంటే ఇక్కడ దెబ్బ తింటారు. ప్రదర్శన ప్రదర్శనకీ ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టడం సులువు. లేదంటే ఈ హద్దు లేని ఆర్ఎఫ్64, వేవ్64 రకాల్లో రాయించాలి.

రెండో గండం కరెంటు. వేవ్‌లో ఎంత ధ్వని ఉందో మొదట్లో ఉండే హెడర్లో రాసి ఉంటుంది, చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ఆపు నొక్కాకే సరిచేస్తాయి. మధ్యలో కరెంటు పోతే ఫైలు 900 ఎంబీ ఉన్నట్టు కనిపిస్తుంది, తెరిస్తే 0 సెకన్లు. భయపడి చెరపకండి, ధ్వని లోపలే ఉంది. ఆడాసిటీలో ఫైల్, ఇంపోర్ట్, రా డేటా తెరిచి, రికార్డు చేసిన బిట్లు, చానెళ్ళు, శాంప్లింగ్ రేటు, లిటిల్ ఎండియన్, మొదలు 44 బైట్లు అని ఇవ్వండి. మొత్తం హోరు వినిపిస్తే బిట్లైనా తప్పు, లేదా హెడర్ 44 కన్నా పెద్దదైనా అయ్యుండాలి. 24 బిట్లలో ఒక్క బైటు అటూ ఇటూ అయినా అంతా జలపాతంలా మోగుతుంది, కాబట్టి 45, 46 ఇచ్చి చూడండి.

16 బిట్లా, 24 బిట్లా, 32 ఫ్లోటా? రికార్డు చేసేటప్పుడు 24 పెట్టుకుంటే లెవెల్ కాస్త తక్కువగా ఉంచినా తర్వాత పెంచుకోవచ్చు. 16 బిట్లకి సుమారు 96 డెసిబెళ్ళ పరిధి ఉంది. ఫ్యానూ ఏసీ తిరుగుతున్న హాల్లో వినడానికి అదే ఎక్కువ కాబట్టి, ఇచ్చే కాపీకి 16 చాలు. ఇక 32 ఫ్లోట్ మీద ఒక అపోహ బాగా తిరుగుతోంది: ‘ఎంత గట్టిగా అరిచినా పగలదు’ అని. ఎడిటింగ్ లోపల సున్నా డెసిబెళ్ళు (డిజిటల్ ధ్వనికి పై హద్దు) దాటిన ధ్వనిని తిరిగి దించుకోవడానికి అది పనికొస్తుంది. మామూలు ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పరికరం) మైకు దగ్గరే పగిలిన ధ్వనిని ఏ ఫార్మాటూ అతకలేదు.

## ఫ్లాక్: దాచుకోవడానికి

బట్టలు మడతపెట్టి సర్దినట్టు చోటు తగ్గిస్తుంది, విప్పితే ఒక్క శాంపిల్ తేడా లేకుండా అదే ధ్వని వస్తుంది. ఆడాసిటీ ఎక్స్‌పోర్ట్‌లో 0 నుంచి 8 దాకా లెవెళ్ళు చూసి 8 అంటే నాణ్యత ఎక్కువనుకోకండి. నాణ్యత అన్నిట్లో ఒక్కటే, ముడిచే సమయంలో తేడా. 5 దగ్గర వదిలేయండి.

వేవ్ మీద ఫ్లాక్‌కి ఉన్న అసలు పైచేయి చోటు కన్నా కాపలా. లోపలి ధ్వనికి ఒక సరిచూసుకునే ముద్ర ఫైల్లోనే ఉంటుంది. పదేళ్ళ తర్వాత డిస్కు ఎక్కడైనా చెడితే, ఆ ముద్ర సరిపోక ఫ్లాక్ పరీక్ష ఆదేశం తప్పు చూపిస్తుంది. వేవ్‌లో ఆ కాపలా లేదు. ఏదో ఒక రోజు వింటుండగా టప్పుమంటేనే తెలుస్తుంది.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఆడాసిటీ ఫ్లాక్‌ని 16 లేదా 24 బిట్లలోనే ఇస్తుంది, ఫ్లోట్ లేదు. సున్నా దాటిన శిఖరాలుంటే అవి ఎక్స్‌పోర్ట్‌లో తెగిపోతాయి, ముందే దించుకోండి. పద్యం పద్యానికీ మీరు పెట్టుకున్న లేబుళ్ళు కూడా ఇందులోకి రావు. వాటిని ఎక్స్‌పోర్ట్ లేబుల్స్‌తో టెక్స్ట్ ఫైలుగా తీసి పక్కన పెట్టుకోండి.

పాత క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళకి వేరే మాట లేదు, ఫ్లాకే. తొంభై నిమిషాల సీ-90 క్యాసెట్టు రెండు వైపులా కలిపి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్‌గా 1.5 జీబీ దాటుతుంది. టేపు బుసకి ఒక క్రమం లేదు కాబట్టి ఫ్లాక్ కూడా దాన్ని పెద్దగా ముడవలేదు, సైజు అనుకున్నంత తగ్గకపోతే అదీ కారణం. బుస తీయకముందు కాపీనే దాచండి. నాయిస్ రిడక్షన్ బుసతో పాటు గొంతులో గాలినీ కొంత తీసుకుపోతుంది, అది తిరిగి రాదు.

## ఎంపీ3: ఇవ్వడానికి మాత్రమే

అన్ని చోట్లా మోగుతుంది, ఆ ఒక్క గుణం కోసం వాడాలి. చెవి పట్టించుకోదనుకున్న ధ్వనిని ఎన్‌కోడర్ (ధ్వనిని ఎంపీ3గా మార్చే భాగం) పారేస్తుంది. ఎంపీ3 తెరిచి చిన్న కోత కోసి మళ్ళీ ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేస్తే, మిగిలినదాంట్లోంచి ఇంకోసారి పారేస్తుంది. తాళాల మోతలోనూ చప్పట్లలోనూ నీళ్ళలో మోగినట్టు వినిపించేది అందుకే. ఎంపీ3ని వేవ్‌గా మార్చితే సైజు పెరుగుతుంది, పోయింది రాదు. అయినా చేతికి ఎంపీ3యే వచ్చి, దాని మీద చాలా పని ఉంటే, మొదటే వేవ్‌లోకి తెచ్చుకుని పని ముగిసేదాకా అందులోనే ఉండండి. రెండో నష్టం చివర్లో ఒక్కసారికే పరిమితమవుతుంది. కేవలం మొదలూ చివరా కోయాలంటే ఎంపీ3డైరెక్ట్‌కట్ వంటి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండానే కోస్తుంది, వాల్యూమ్ కూడా 1.5 డెసిబెళ్ళ మెట్లలో మారుస్తుంది.

గుడి ఆంప్లిఫయర్లూ ప్రచార ఆటోల యూఎస్‌బీ ప్లేయర్లూ చాలావరకు ఎంపీ3 తప్ప మరొకటి ఎరగవు. వాటికి ఇలా ఇవ్వండి: 44.1 కిలోహెర్ట్జ్, 128 కేబీపీఎస్, కాన్‌స్టంట్ (మొదటినుంచి చివరిదాకా ఒకే కేబీపీఎస్). వేరియబుల్ పెడితే చవక ప్లేయర్లు కొన్ని సమయం తప్పు చూపిస్తాయి, ముందుకి జరిపితే తడబడతాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉండాలి. ఫైలు పేర్లు 01, 02 అని మొదలుపెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి, తెలుగు పేర్లు ఆ చిన్న తెర మీద గళ్ళుగా కనిపిస్తాయి. ఈ ప్లేయర్లలో చాలావాటికి పేరు వరస పట్టదు, కాపీ అయిన వరసే పడుతుంది. ధనుర్మాసంలో ముప్పై పాశురాలు ఒక్కసారిగా ఎంచుకుని లాగి వేస్తే ఏడోది ముందూ ఒకటోది తర్వాతా మోగడం అలాగే జరుగుతుంది. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, వరసగా ఒక్కొక్కటే కాపీ చేయండి.

ఎంపీ3 మానుకోవాల్సిన చోటొకటుంది: తంబూరా శ్రుతి లూపు. ఎన్‌కోడర్ 1,152 శాంపిళ్ళ ముక్కలుగా పని చేస్తుంది, మొదలూ చివరా కాస్త నిశ్శబ్దం కలుస్తుంది. ప్రతి చుట్టుకీ అతుకు దగ్గర ఎక్కిళ్ళు వినిపిస్తాయి. లూపులకి వేవే.

ఎన్‌కోడ్ చేసే ముందు శిఖరాల్ని -1 డెసిబెల్ దగ్గర ఆపండి. ఎంపీ3లోకి మారేటప్పుడు అవి కొంచెం పైకి లేస్తాయి, సున్నాకి ఆనించి పెడితే అక్కడ చిట్లుతుంది.

ఎమ్4ఏ, అంటే ఏఏసీ, అదే కేబీపీఎస్‌లో ఎంపీ3 కన్నా కాస్త మెరుగు. ఫోన్లకీ వీడియోకీ సరిపోతుంది. ఓపస్ తక్కువ చోటులో మాటని ఇంకా బాగా పడుతుంది, వాట్సాప్ వాయిస్ మెసేజీలు అందులోనే వస్తాయి. ఆంప్లిఫయర్లు దాన్ని ఎరగవు. వాట్సాప్‌లో మంచి కాపీ పంపాలంటే ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి, 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

## ఎవరికి ఏది

కింద 48/24 అంటే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్.

| పని | పని చేసేది | దాచేది | ఇచ్చేది |
|---|---|---|---|
| హరికథ, కచేరీ, నాటకం | ప్రాజెక్టు, 48/24 | ఫ్లాక్ 24 బిట్ | ఎంపీ3 192 లేదా 320 |
| యూట్యూబ్, వీడియో | ప్రాజెక్టు, 48/24 | వేవ్ 48/24 | వేవ్, లేదా ఏఏసీ 384 |
| మాటల పాడ్‌కాస్ట్ | ప్రాజెక్టు, మోనో | ఫ్లాక్ | ఎంపీ3 మోనో 64 నుంచి 96 |
| ప్రచార ఆటో, గుడి మైకు | ప్రాజెక్టు | వేవ్ | ఎంపీ3 128 కాన్‌స్టంట్ |
| క్యాసెట్లు ఎక్కించడం | వేవ్ | ఫ్లాక్, శుభ్రం చేయకముందుది | అడిగినదాన్ని బట్టి |
| ఇంకో స్టూడియోలో మిక్సింగ్ | వేవ్ | ఫోల్డరు మొత్తం | వేవ్ 48/24, ట్రాకుకొకటి |

పాడ్‌కాస్ట్‌కి మోనో 64 చూసి పెదవి విరవకండి. స్టీరియో 128లో ఒక్కో చానెల్‌కి వచ్చేదీ అంతే. ఆటో ప్రకటనకి మాత్రం ఒక జాగ్రత్త: హారన్ స్పీకరు కింది ధ్వనుల్ని పలకదు కాబట్టి ఇచ్చే కాపీలో బేస్ కోసేస్తారు. ఆ కోసిన ట్రాకునే అసలు పేరుతో సేవ్ చేస్తే, అదే ప్రకటన రేపు లోకల్ చానెల్‌కి అడిగినప్పుడు రేకు డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది.

## శాంప్లింగ్ రేటు కలవకపోతే

వీడియో పనైతే మొదటినుంచీ 48, పాటలకే అయితే 44.1. ఏదైనా సరే, చివరిదాకా ఒక్కటే. 44.1లో పట్టిన ఫైలుని మార్చకుండా 48 అని చదివిస్తే దాదాపు 9 శాతం వేగంగా పరుగెడుతుంది. శ్రుతి కూడా ఎక్కుతుంది: ఒకటి శ్రుతిలో పాడినది ఒకటిన్నరకీ రెండుకీ మధ్య ఎక్కడో తేలుతుంది, ఏ హార్మోనియంకీ కలవదు. రా డేటాగా తెరిచినప్పుడు ఈ పొరపాటు ఎక్కువ.

## మీద మీద రాయకుండా

ఆడిషన్లో వేవ్‌ని నేరుగా వేవ్‌ఫామ్‌లో తెరిచి కంట్రోల్ + ఎస్ నొక్కితే అసలు ఫైలు మీదే రాసేస్తుంది. ఆడాసిటీ అలా చేయదు. కానీ ఎక్స్‌పోర్ట్‌లో అదే పేరు, అదే ఫోల్డరు ఇచ్చి ‘సరే’ అంటే ఫలితం ఒక్కటే. అందుకే రికార్డర్ నుంచి దించిన ఫైళ్ళని ‘అసలు’ అనే ఫోల్డర్లో వేసి, వాటి మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ పెట్టండి. పేరులో తేదీ ముందుండాలి, సంవత్సరం మొదట: 2025-12-16, తర్వాత కార్యక్రమం, తర్వాత 01, 02. అప్పుడు పేరు వరసే తేదీ వరస అవుతుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ అని పెడితే వారం తర్వాత పెట్టినవాళ్ళకే తెలియదు.

దాచేదానికి రెండు డిస్కులు కావాలి, రెండూ ఒకే బల్ల మీద ఉండకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, కింది అంతస్తులో కంప్యూటరూ దాని పక్కనే బ్యాకప్పూ పెట్టుకున్న ఇంట్లో రెండు కాపీలున్నా ఒకటి ఉన్నట్టే. ఒక డిస్కు మేడ మీదో, వేరే ఊళ్ళో బంధువుల ఇంట్లోనో ఉంచండి. పెన్‌డ్రైవ్‌ని మోసుకెళ్ళడానికే వాడండి. రోహిణి కార్తెలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినదాన్ని అయితే అసలు లెక్కలోకి తీసుకోకండి. కాపీ అయ్యాక డిస్కుని ఎజెక్ట్ చేసి, మళ్ళీ గుచ్చి, ఒక ఫైలుని చివరి నిమిషం దాకా జరిపి వినండి. సగంలో ఆగిన కాపీ మొదటి నిమిషాల్లో దొరకదు.